మా గల్లీలో మంచి మొగుడు

మా గల్లీలో మంచి మొగుడు ఎవరని అడిగితే ఆడవాళ్లందరూ ఒకే ఇంటివైపు చెయ్యి చూపించేవాళ్లు. మా ఎదురిల్లే అది. ఆయన బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన మనిషి. భార్య పక్షవాతంతో మంచాన పడ్డప్పటి నుంచి వంట, అంట్లు, ఆమెకు స్నానం, అన్నం తినిపించడం, అన్నీ తనే చూసుకుంటాడు. పనిమనిషిని మాన్పించాడు. "పరాయిదాని చేతుల ఎందుకు పెట్టాలె? నా పెండ్లాం, నేను చేసుకుంట" అన్నాడట. ఆ మాట గల్లీ అంతా పాకింది. పొద్దున భుజం మీద తువ్వాలు వేసుకుని పాలపాకెట్టు కోసం బయటికి వస్తే చాలు, చూసి మురిసిపోయేవాళ్లు. మగవాడు గిన్నె కడిగితే మన ఆడవాళ్లకు దేవుడు కనపడతాడు.

మా కోడలైతే నా కొడుకును ఆ పేరు చెప్పే సాధించేది.

"జర ఎదురింటి మామను చూసి నేర్చుకోండ్రి. మీరు నీళ్లగ్లాసు గూడ లేచి ముంచుకోరు."

"నువ్వు గూడ మంచం పట్టు, నేను గూడ చేస్త" అనేవాడు వాడు.

"థూ! నోట్లె నుంచి మంచి మాట రాదు!" అని ఆమె గరిటె ఎత్తేది.

ఆ ఇంటావిడను నేను వదినె అంటాను, ఆయనను అన్న అంటాను. మా మధ్య చుట్టరికం ఏమీ లేదు. ఆసిఫాబాద్ దిక్కు పల్లె నుంచి పెళ్లయి, మరాఠీవాళ్ల నడుమ ఉన్న ఈ బాబుపేటకు వచ్చినప్పుడు నాకు మరాఠీ ముక్క రాదు. నల్లా దగ్గర బిందె పట్టుకుని ఏడుపు మొహంతో నిలబడితే, "ఏయ్, ఆ పిల్లను ముందుకు రానియ్యిండ్రి, కొత్త కోడలు" అని తెలుగులో ఒకసారి, మరాఠీలో ఒకసారి గద్దించిన మనిషి ఆమె. ఆ గొంతు గల్లీ మలుపు దాకా వినపడేది. గోల్ బజారులో కూరగాయల వాళ్లు ఆమెను చూడగానే ధర తగ్గించి చెప్పేవాళ్లు, బేరం ఆడే ఓపిక లేక. నాకు బేరం నేర్పింది ఆమే. నా పొదుపు చూసి నవ్వేది కూడా. పాలపాకెట్టు కడిగి దాచుకునే మనిషిని నేను. "చచ్చినంక గూడ పాడె కట్టెలు వాపసు అడుగుతవే నువ్వు" అనేది.

పక్షవాతం ఆ గొంతునే తీసుకుపోయింది. గొంతుతో పాటు కుడి చెయ్యి, కుడి కాలు. కడుపులో నుంచి వచ్చే ఒక మూలుగు తప్ప మాట లేదు. బుద్ధి మాత్రం చెక్కుచెదరలేదు. అది నాకు తెలుసు. మొదట్లో చూడటానికి వెళ్లినప్పుడు, మా కోడలు చేసిన సకినాలు రాళ్లలా ఉన్నాయని నేను అంటే, ఎడమవైపు పెదవి ఒక్కటే పైకి లేచి నవ్వింది.

తర్వాత తర్వాత ఆ నవ్వు చూసే వీలు లేకుండా పోయింది. ఎప్పుడు వెళ్లినా అన్న ముందుగదిలోనే కూర్చోబెట్టేవాడు. "ఇప్పుడే పండుకున్నది చెల్లె. లేపితే మల్ల పరేషాన్ అయితది." చాయ్ పెట్టి ఇచ్చేవాడు. చాయ్ బాగానే ఉండేది. ఎప్పుడైనా లోపలికి రానిచ్చినా మంచం పక్కనే నిలబడేవాడు. నేను ఆమెను ఏది అడిగినా జవాబు ఆయనే చెప్పేవాడు. "ఎట్లున్నవు వదినె?" అంటే "మంచిగుంది." "తింటున్నవా?" అంటే "ఫుల్లుగ తింటది." ఆమె కళ్లు నన్ను గాని ఆయనను గాని చూసేవి కావు. పైకప్పు మీదే ఉండేవి.

చైత్రంలో మహాకాళి జాతర నుంచి కుంకుమ తెచ్చి, కోడల్ని వెంటబెట్టుకుని వెళ్లాను. దేవి కుంకుమ అనేసరికి ఆయన కాదనలేకపోయాడు. వదినె జుట్టు పిల్లవాడి క్రాపులా కత్తిరించి ఉంది. "ఎండకాలం గద, నెత్తి చల్లగ ఉంటదని నేనే కత్తిరించిన" అన్నాడు. నేను ఉంగరం వేలికి కుంకుమ అద్దుకుని ఆమె నుదుటివైపు చెయ్యి జాపాను.

ఆమె గట్టిగా కళ్లు మూసుకుని, తల భుజంలోకి దాచుకుంది.

"చూసినవా చెల్లె, ఎంత భక్తో! మహాకాళి తల్లి పేరు చెప్తే చాలు" అన్నాడు ఆయన. మా కోడలు కూడా రెండు చేతులూ జోడించి, "నిజంగ అమ్మవారే వచ్చినట్టున్నది మామయ్యా" అంది.

నేను బొట్టు పెట్టి వచ్చేశాను.  నేను బడికి వెళ్లింది కొద్ది రోజులే. అక్షరాలు కూడబలుక్కునే దాకా చదివి, మాస్టారి దెబ్బలకు భయపడి మానేశాను. పలక దిద్దడానికి ఆయన చెయ్యి ఎత్తినా మేం పిల్లలం అందరం అట్లాగే తల భుజంలోకి దాచుకునేవాళ్లం. భక్తితో వంగే తల ముందుకు వంగుతుంది. దెబ్బకు భయపడే తల పక్కకు పోతుంది. ఆ తేడా ఒకసారి దెబ్బలు పడ్డవాళ్లు జన్మలో మరవరు.

అయినా ఒక్క తల తిప్పడం చూసి ఒక మనిషి మీద ఇంత నేరం ఎట్లా మోపడం? అందులోనూ గల్లీ మొత్తం మొక్కే మనిషి మీద. ఎవరికీ చెప్పకుండా చూడటం మొదలుపెట్టాను.

మా డాబా మీద నిలబడితే వాళ్ల దండెం కనపడుతుంది. మంచాన పడ్డ మనిషి ఉన్న ఇంటి దండెం ఎప్పుడూ నిండుగా ఉండాలి. మా అత్తగారు పడకలో ఉన్న కాలమంతా నేను దుప్పట్లు, పాత చీర ముక్కలు ఉతికి ఆరేసీ ఆరేసీ చేతులు పగిలాయి. వాళ్ల దండెం మీద ఆయన చొక్కాలు, లుంగీ తప్ప ఏమీ ఉండేవి కావు. గల్లీలో ఆడవాళ్లు దాన్ని కూడా మెచ్చుకున్నారు. ఎంత శుభ్రంగా పెడుతున్నాడో చూడండి అన్నారు. గుడ్డలు మార్చడం లేదన్నా అయి ఉండాలి. లేదా మార్చవలసిన అవసరం రాకుండా నీళ్లే ఇవ్వకపోతూ ఉండాలి. అప్పటికే వైశాఖం వచ్చింది. మా ఊరి వైశాఖం ఎట్లాంటిదో ఇక్కడ ఉన్నవాళ్లకే తెలుసు. మధ్యాహ్నం కాకులు కూడా బయటికి రావు. ఆరోగ్యంగా తిరిగే మనిషే ఒక పూట నీళ్లు తాగకపోతే పడిపోతాడు.

కోడలితో అన్నాను. ఆమె పకపకా నవ్వింది.

"అత్తమ్మా, మీకు దండాలు. ఊరోళ్ల దండెం మీద గూడ నిఘా పెట్టిండ్రా? సబ్బు ఆదా చేస్తుండేమో పాపం, మీలెక్క."

"సబ్బు ఆదా చేసే మనిషి మూడు చొక్కాలు ఉతుక్కుంటడా?"

"ఆయన మీద మీకేం కోపం? అట్లాంటి మొగోన్ని పట్టుకొని... ఎవ్వరన్న ఇంటే మీ మొకం మీదనే ఊస్తరు."

రాజురా అవతల సిమెంటు కార్ఖానాలో పనిచేస్తాడు వాళ్ల కొడుకు, ఒక్కడే కొడుకు. క్వార్టర్లో ఉంటాడు. వీలు దొరికినప్పుడు బండి మీద వచ్చి, తల్లి దగ్గర కాసేపు కూర్చుని వెళ్తాడు. అతనికి ఫోను చేయించాను. ఎంత జాగ్రత్తగా మొదలుపెట్టినా మాట తిన్నగా రాలేదు.

"అల్లుడా, మీ అమ్మకు నీళ్లు సరిగ తాగిస్తలేరేమో అనిపిస్తున్నది. ఒకసారి పెయ్యి చూడు, వీపు చూడు."

 "అత్తమ్మా, బాపు లేకుంటే అమ్మ ఎప్పుడో పోయేది. డాక్టరే అన్నడు. మీరు పెద్దోళ్లు, మీ మీద ఇజ్జత్ ఉన్నది. మల్ల గిట్ల అనకుండ్రి" అని పెట్టేశాడు.

ఇక మిగిలింది ఒక్కటే దారి. ఆమెతో ఒంటరిగా ఉండాలి. నా కళ్లతో ఒళ్లు చూడాలి. ఆయన గడప దాటనిస్తే కదా. అంబలి కాచి తీసుకువెళ్తే తలుపు దగ్గరే గిన్నె అందుకునేవాడు. సాయంత్రానికి కడిగిన గిన్నె నవ్వుతూ తిరిగి ఇచ్చేవాడు. "మొత్తం తాగింది చెల్లె." ఎవరు తాగారో నాకేం తెలుసు?

ఆ యేడు జ్యేష్ఠం అధికమాసమైంది. ఇక్కడి మరాఠీవాళ్లు అల్లుళ్లను పిలిచి మర్యాదలు చేసుకుంటారు. మనవాళ్లకు మాత్రం అధికమాసం వస్తే ఏదో ఒక పుకారు రావలసిందే. ఈసారి మంచిర్యాల దిక్కు నుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఒక్క కొడుకు ఉన్న తల్లులకు కీడు ఉందట. ఇద్దరు కొడుకులు ఉన్న ఆడమనిషి చేత పచ్చగాజులు వేయించుకుంటే గాని ఆ కీడు పోదట. వేయించుకోకపోతే కొడుక్కు ప్రాణగండమట. గోల్ బజారులో పచ్చగాజులు దొరకని పరిస్థితి వచ్చింది. ఇట్లాంటి మాటలు గాజుల దుకాణాల వాళ్లే పుట్టిస్తారని నా నమ్మకం. నాకు ఇద్దరు కొడుకులు కాబట్టి గల్లీలో వాళ్లు వచ్చి వేయమని అడిగితే, "గాజులు మీరే తెచ్చుకోండ్రి" అని చెప్పి, మొహం మాడ్చుకుని వేశాను.

ఆ వరుసలో ఒక మధ్యాహ్నం అన్నే మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చేతిలో కాగితంలో చుట్టిన పచ్చగాజులు. మనిషి మొహంలో నిజమైన భయం. ఆయనకు మొదటి నుంచీ ఇట్లాంటి వాటి మీద నమ్మకం ఎక్కువ. కొడుకు బండికి నిమ్మకాయ కట్టనిదే కదలనివ్వడు.

"చెల్లె, నీకు ఇద్దరు కొడుకులు గద. మీ వదినెకు నువ్వే ఎయ్యాలె. ఊకె చేతికి తాకిచ్చి పెట్టినా అయితదా?"

 నేను మొహం మామూలుగానే పెట్టాను.

"తాకిస్తే ఎట్లయితది అన్నా? తొడగాలె. ఇంకోటి. తొడిగేటప్పుడు మొగోళ్లు గడప లోపల ఉండొద్దంట. ఉంటే కీడు తిరిగి కొడుకుకే తాకుతదంట."

"గట్ల అన్నరా?"

"మంచిర్యాలల పెద్ద మనుషులే అన్నరు."

అబద్ధం ఆడాను. ఇప్పటికీ ఆ అబద్ధానికి చెంపలు వేసుకోలేదు.

ఆయన తటపటాయించాడు. నన్ను ఒకసారి, చేతిలో గాజులను ఒకసారి చూశాడు. చివరికి కొడుకు మీద భయమే గెలిచింది. ముందు నడిచి, లోపలి గది తలుపు తీసి, నన్ను పంపించి తను గడప బయట నిలబడ్డాడు. నేను తలుపు దగ్గరికి వేశాను. గొళ్లెం పెట్టలేదు. పెడితే అనుమానపడతాడు.

గదిలో ఊదుబత్తి వాసన. దాని కింద ఇంకో వాసన. కూలర్ ఉంది గాని అందులో నీళ్లు లేవు, వేడి గాలి కొడుతోంది. మంచం గోడకు ఆనించి ఉంది. పక్కన బల్ల మీద నీళ్ల సీసా, స్టీలు గ్లాసు, చెంచా, పిలవడానికి చిన్న పూజగంట. ఆ గంట గురించి గల్లీలో ఎంత చెప్పుకున్నారో! అన్నీ ఆమె కుడిచేతి వైపు ఉన్నాయి. పడిపోయిన చేతి వైపు. బాగున్న ఎడమ చేతి వైపు ఉన్నది గోడ. మంచం తిప్పవచ్చు కదా అని ఇంతకుముందు ఒకసారి అంటే, "తల ఉత్తరానికి వస్తది చెల్లె, మంచిది గాదు" అన్నాడు. అప్పుడు అది నిజమే కదా అనిపించింది. ఇప్పుడు చూస్తే సీసా నిండుగా ఉంది, మూత మీద దుమ్ము ఉంది.

వదినె పెదవులు ఎండి పగిలిపోయి ఉన్నాయి. నాలుక గరుకుగా, తెల్లగా. గ్లాసులో నీళ్లు వంచి చెంచాతో నోట్లో పోశాను. చెంచాను పళ్లతో పట్టేసుకుంది. వదలలేదు. మెల్లగా లాక్కుని మళ్లీ పోశాను. మళ్లీ పోశాను. గొంతులో గుటక దిగుతున్న చప్పుడు కూలర్ మోతలో కూడా వినపడింది.

అప్పుడు బయట ఆయన దగ్గాడు.

ఆమె పెదవులు బిగించేసింది. చెంచా పెదవుల మీదే ఆగి, నీళ్లు గడ్డం మీదికి కారాయి. తల అటూ ఇటూ ఊపింది. వద్దు. దాహంతో చచ్చిపోతున్న మనిషి నీళ్లు వద్దంటోంది. ఎందుకో నాకు నెమ్మదిగా అర్థమైంది. నీళ్లు తాగితే పక్క తడుస్తుంది. పక్క తడిస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు.

"అయ్యిందా చెల్లె?"

"ఏడయ్యింది? చెయ్యి వాచింది, ఎక్కుతలేవు" అని అరిచి, గాజులు ఒకదానికొకటి తాకించి చప్పుడు చేశాను. అది నిజంగానే వాచి ఉంది. గాజు ఎక్కించడానికి ఎడమ చెయ్యి పట్టుకుంటే మణికట్టు చుట్టూ నల్లటి చార. గుడ్డతో బిగించి కట్టిన చార. మంచం పట్టెకు పాత లుంగీ పేలిక ఒకటి ముడివేసి ఉంది, చివర వేలాడుతోంది. అంటే కదిలే ఆ ఒక్క చెయ్యిని కూడా కట్టేస్తున్నాడు.

కొంచెం పక్కకు తిప్పి జాకెట్టు ఎత్తి చూశాను. నడుము కింద చర్మం లేదు. దాన్ని గురించి ఇంతకన్నా చెప్పను.

చెవి దగ్గరికి వంగి అడిగాను. "వదినె, కొడుతుండా?"

ఆమె తల ఊపలేదు. తలుపు వైపే చూసింది చాలాసేపు. తర్వాత ఎడమ చేత్తో నా చెయ్యి పట్టుకుని, తీసుకుపోయి తన తల వెనక పెట్టింది. కత్తిరించిన జుట్టు కింద గట్టిపడిన రక్తం పెచ్చు నా వేళ్లకు తగిలింది. జుట్టు కత్తిరించింది చల్లదనానికేనా, చిక్కులు తీసే ఓపిక లేక కోపం వచ్చా, నాకు తెలియదు. నా వేళ్లు అక్కడే ఉంచి ఆమె నా మొహంలోకి చూసింది. నీకు తెలిసింది కదా, ఇప్పుడు ఏం చేస్తావు అన్నట్టు.

ఏం చేయాలి? బయటికి వెళ్లి కేకలు వేస్తే గల్లీ వస్తుంది. వచ్చి ఆయన మాటే వింటుంది. నేను ఇంటికి వెళ్లి ఎవరినో పిలుచుకొచ్చే లోపల తలుపు పడుతుంది. ఆ తలుపు వెనక ఈమె ఉంటుంది, నాకు చూపించిన తప్పుకు దెబ్బలు తింటూ. అంటే నేను ఆ గదిలో నుంచి కదలకూడదు. కొడుకు రావాలి. నా మాట నమ్మని కొడుకును తండ్రి చేతే పిలిపించాలి.

గాజులు తొడిగి తలుపు తీశాను.

"అన్నా, గాజులైనయి. అల్లున్ని రమ్మను."

"వాడెందుకు?"

"దీపాలు పెట్టే లోపట కొడుకు వచ్చి, గాజులేసుకున్న తల్లి కాళ్లు మొక్కాలె. మొక్కకుంటే ఏసిన గాజులు వట్టియే. కీడు డబుల్ అయితదంట. గప్పటి దాకా నేను ఈడనే కూసోవాలె, ఏసిన మనిషి లేవొద్దు."

ఆయన నా కళ్లలోకి చూశాడు. నేను తడబడలేదు. ఆయన ఫోను తీసి కొడుక్కు చేశాడు. "జల్ది రా బిడ్డా, అమ్మ తాన పనున్నది."

బండి మీద రావడానికి పట్టేంత సేపు నేను మంచం పట్టె మీదే కూర్చున్నాను. ఆయన గడప మీద కూర్చున్నాడు.  నేను మధ్యమధ్య చెంచాతో నీళ్లు పోస్తూ ఉన్నాను. ఆమె ఆయన వైపు చూసి, నా వైపు చూసి, మింగుతోంది. ఆయన ఆ చెంచానే చూస్తున్నాడు.

"ఎక్కువ తాపకు చెల్లె" అన్నాడు చివరికి.

"ఎందుకు?"

"ఎందుకంటే... నువ్వు పోతవ్. తర్వాత నేను ఎత్తాలె, తుడువాలె, మార్చాలె." గొంతు పెరగలేదు. "ఏం చూసినవ్?"

"చూసేదంత చూసిన."

ఆయన లేచాడు. నేను కూడా లేచి నిలబడ్డాను. ఆయన గనిలో పనిచేసిన మనిషి, ముసలివాడైనా చేతులు బలమైనవి. నేను వదినెకు అడ్డంగా జరిగాను. ఆయన రెండు అడుగులు వేసి ఆగాడు.

"ఒక్కన్నే చేస్తున్న చెల్లె. మీరందరు వచ్చి చాయ్ తాగి, మంచోడివి అని పోతరు. ఒక్కలన్న ఒక్క పూట వచ్చి నడుము పట్టిండ్రా?"

"నువ్వు రానిస్తే గద! పనామెను ఎల్లగొట్టినవ్. మమ్ముల గడప తొక్కనియ్యలే. అలిసిపోతే పిలువాలె అన్నా. కట్టెయ్యవడితివి."

ఆయన మళ్లీ గడప మీద కూర్చున్నాడు. ఆ నిమిషంలో ఆయనను చూస్తే జాలి వేసింది. జాలి వేసినంత మాత్రాన నేను మంచం దగ్గర నుంచి కదలలేదు.

బండి చప్పుడు వినపడింది. కొడుకు హెల్మెట్ తీస్తూ లోపలికి వచ్చి, నన్ను చూసి మొహం ముడుచుకున్నాడు.

"అత్తమ్మా, మల్ల మీరేనా?"

నేను ఏమీ చెప్పలేదు. చెబితే మళ్లీ నా మాటకు, తండ్రి మాటకు పోటీ అవుతుంది. "అమ్మ కాళ్లు మొక్కు. మొక్కినంక జర లేపి కూసోబెట్టు, నాతోని అయితలేదు" అన్నాను.

మొక్కాడు. తర్వాత వీపు కింద చెయ్యి పెట్టి ఎత్తబోయాడు. ఆమె గొంతులో నుంచి వచ్చిన అరుపు నేను అంతకుముందు ఏ మనిషి గొంతులోనూ వినలేదు. అతను చెయ్యి వెనక్కు తీసుకుని చూసుకున్నాడు. చెయ్యంతా తడి. జాకెట్టు పక్కకు జరిపి చూశాడు. పట్టెకు ఉన్న పేలిక చూశాడు. పచ్చగాజుల కింద నల్లచార చూశాడు. తండ్రి వైపు తిరిగాడు.

"బాపూ, ఏంది గిది?"

"మంచం మీద నుంచి పడుతుండె బిడ్డా, అందుకే..."

"పోయిన నెల దెబ్బ ఏందని అడిగితే బాత్రూంల పడ్డది అన్నవ్."

 కొడుకు తల్లిని దుప్పటితో సహా చేతుల్లోకి ఎత్తుకున్నాడు. నేను గల్లీలోకి పరుగెత్తి ఆటో పిలిచాను. మా కోడలు గుమ్మంలో నిలబడి, దుప్పటిలో నుంచి వేలాడుతున్న ఆ చెయ్యిని చూసి, ఏమీ అడగకుండా చెప్పులు వేసుకుని వచ్చి ఆటో ఎక్కింది.

సర్కారు దవాఖానాలో డాక్టరమ్మ మగవాళ్లను బయటికి పంపి ఒళ్లంతా చూసింది. "ఇవి ఎట్లా అయ్యాయి?" అని మరాఠీలో అడిగింది. తలుపు సందులో నుంచి కొడుకు, "పడ్డది" అన్నాడు. తండ్రి ఇజ్జత్ ఇంకా అతని నాలుక మీదే ఉంది. నేను, "పడలేదు బాయీ, కట్టి కొట్టిండు. నీళ్లు ఇయ్యలే" అని నాకు వచ్చిన మరాఠీలో చెప్పాను. డాక్టరమ్మ నన్ను ఆపలేదు. మొత్తం రాసుకుంది. పోలీసుల దాకా పోతారా అని కొడుకును అడిగింది. అతను వద్దన్నట్టు తల ఊపాడు.

వదినె దవాఖానాలో ఉన్నన్ని రోజులూ గల్లీలో నాతో ఎవరూ సరిగా మాట్లాడలేదు. దేవుడిలాంటి మనిషిని బజారుకు ఈడ్చానన్నారు. చూడలేని ముండ అన్నవాళ్లు కూడా ఉన్నారు. ఒక్క మా కోడలే నల్లా దగ్గర అందరికీ వినపడేటట్టు, "నేను చూసిన. నా రెండు కండ్లతోని చూసిన. ఇంకోసారి మా అత్తమ్మను అంటే బిందెలు పగులుతయి" అంది.

ఇంటికి పంపే రోజు వచ్చింది. నేను వెళ్లేసరికి అన్న అప్పటికే దవాఖానా మెట్ల మీద ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు. ఉతికిన చొక్కా, చేతిలో టిఫిన్ డబ్బా. కొడుకు పక్కన నిలబడి కళ్లు తుడుచుకుంటున్నాడు.

"తప్పయింది బిడ్డా. ఇగ చెయ్య. పనిమనిషిని పెడుత. ఇంటికి తోలియ్యి. నలుగురు ఏమనుకుంటరు?"

కొడుకు నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అన్నాడు. "అత్తమ్మా, మాది ఒక్క గది క్వార్టర్. నా పెండ్లాం పొద్దుగాల్ల డ్యూటీకి పోతది, నేను పోత. ఎవ్వరు చూడాలె? బాపు గింతగనం మొక్కుతుండు. ఒక్కసారి చూద్దామా?"

 ఇన్నాళ్లు చేసింది ఈ మెట్ల మీదే మట్టిలో కలిసేటట్టు ఉంది. తిట్టాలనిపించింది. తిడితే మొండికేస్తాడు.

"నన్నెందుకు అడుగుతున్నవ్? అమ్మను అడిగినవా?"

"అమ్మ మాట్లాడదు గద అత్తమ్మా."

"మాట్లాడదు. ఇంటది. పోయి అడుగు."

అతను మంచం దగ్గరికి వెళ్లాడు. బహుశా పక్షవాతం వచ్చాక ఆమెను ఇంటివాళ్లు ఎవరైనా ఒక ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగడం అదే మొదటిసారి. "అమ్మా, బాపుతోని ఇంటికి పోతవా?" అన్నాడు. ఈలోగా అన్న ముందుకు వచ్చి, అలవాటైన మనిషిలా ఆమె రెక్క పట్టుకున్నాడు లేపడానికి. ఆమె ఎడమ చెయ్యి చటుక్కున జరిగి దవాఖానా మంచం ఇనప ఊచను పట్టుకుంది. ఆయన లాగాడు. ఆమె వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి గాని ఊచ వదలలేదు. పక్క మంచాల వాళ్లు లేచి చూస్తున్నారు. ఆయన మళ్లీ లాగబోయాడు.

"వదులు బాపూ" అన్నాడు కొడుకు. గట్టిగా కాదు. రెండోసారి గట్టిగా అన్నాడు.

ఆయన చెయ్యి తీశాడు. కొడుకు వంగాడు. ఆమె ఊచ వదిలి, ఆ చెయ్యి తీసుకుపోయి కొడుకు మెడ చుట్టూ వేసింది. అతను ఆమెను ఎత్తుకుని మెట్లు దిగాడు. ఆటోవాడికి రాజురా వైపు క్వార్టర్ అడ్రసు చెప్పాడు. మధ్యాహ్నం ఎవరు చూస్తారో అప్పటికి అతనికీ తెలియదు, నాకూ తెలియదు. పగటిపూట ఎవరో ఒక ఆడమనిషిని చూద్దాం అనుకున్నాం, అంతే.

అన్న టిఫిన్ డబ్బాతో గేటు దాకా వచ్చాడు.

"మరి నేనేం చెయ్యాలె చెల్లె? ఇంట్ల ఒక్కన్నే."

 ఇంకో అడుగు ముందుకు వేస్తాడేమోనని, ఆ ఆటో రోడ్డెక్కి మలుపు తిరిగేదాకా ఆయనకూ దానికీ మధ్య నిలబడ్డాను.